పాత వాల్వు రేడియోలు, కండెన్సర్లు, మన గుండె

ఉద్యోగ విరమణ చేసి తీరిక చిక్కినవారు కొందరు ఈమధ్య అటకమీది పాత వాల్వు రేడియోలను దింపి బాగుచేసుకుంటున్నారు. మంచి వ్యాపకమే. నాకూ ఉన్నది. నాన్నగారు కొన్న ఫిలిప్స్ రేడియోతో మొదలుపెట్టి, తెలిసినవారి ఇళ్ళనుంచి వచ్చిన మర్ఫీలు, బుష్‌లు, ఎకోలు కలుపుకొని ఇప్పటికి పద్నాలుగింటికి మళ్ళీ మాట తెప్పించాను. అయితే ఆరోగ్య విషయాలు వ్రాసే చోట రేడియోల ప్రసక్తి ఎందుకని మీరు అడగవచ్చు. గత మాసంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఫోను చేసి అడిగిన ప్రశ్న అందుకు కారణం.

"డాక్టరుగారూ, ప్లగ్గు పీకి పక్కన పెట్టాకనే చెయ్యి పెట్టానండీ. అయినా ఎగిరి వెళ్ళి గోడకు కొట్టుకున్నాను. గుండెకేమైనా అయివుంటుందంటారా?"

వారి వయస్సు అరవై ఎనిమిది. ఇ.సి.జి. తీయించి పంపమన్నాను, బాగానే ఉన్నది. భుజం నొప్పి మాత్రం వారం రోజులు బాధించింది. ఏం జరిగిందని వివరంగా అడిగితే, వాల్వులన్నీ తీసి కాళ్ళు తుడిచి, ముందుగా రెక్టిఫయరు వాల్వు ఒక్కటే పెట్టి కరెంటు ఇచ్చి చూశారట. ఆపేసి, ప్లగ్గు తీసి, ఛాసీ తిరగేసి, కాలం చెల్లిన కండెన్సరును మార్చబోయారు. వారిని విసిరికొట్టింది ఆ కండెన్సరే.

కెపాసిటరును మన రేడియో మెకానిక్కులు కండెన్సరు అనేవారు. నేనూ ఆ మాటే వాడతాను. రెండు లోహపు రేకుల నడుమ విద్యుత్తును పోనీయని పొర ఒకటి ఉంటే అదే కండెన్సరు. అది విద్యుదావేశాన్ని పట్టి ఉంచుతుంది. కరెంటు ఆపినంత మాత్రాన ఖాళీ అయిపోవాలన్న నియమం దానికి లేదు. రేడియో పాడుతూ ఉండగా ఆపితే, ఇంకా వేడిగా ఉన్న వాల్వులు కొద్ది సెకన్లలో ఆ నిలవను లాగేస్తాయి. వాల్వులే లేనప్పుడు, లేదా అవుట్‌పుట్ వాల్వులో తీగ తెగి అది చల్లగా ఉన్నప్పుడు లాగేదెవరు? మాస్టారి రేడియోలో జరిగిందిదే. పైగా వాల్వులు కరెంటు తీసుకోకపోవడంతో మామూలుగా 250, 300 వోల్టుల మధ్య ఉండేది 350 దాకా ఎక్కి కూర్చున్నది.

చిన్న లెక్క వేద్దాము. 50 మైక్రోఫారడ్లవి రెండు ఒకే డబ్బాలో ఉన్న కండెన్సరు అది, మొత్తం 100. నిలవ ఉన్న శక్తి, కెపాసిటీలో సగాన్ని వోల్టుల వర్గంతో హెచ్చించినంత. ఆ లెక్కన 6 జౌళ్ళు. ఇది తక్కువో ఎక్కువో తెలియాలంటే మా వైద్యుల పరికరం ఒకదానితో పోల్చాలి. గుండె లయ తప్పి జఠరికలు ఊరికే వణుకుతున్నప్పుడు ఛాతీపై పలకలు పెట్టి కొట్టే డిఫిబ్రిలేటరు మీరు సినిమాలలో చూసే ఉంటారు. దాని కడుపులో ఉన్నదీ కండెన్సరే. 1962 ప్రాంతంలో బెర్నార్డ్ లౌన్ అనే హృద్రోగ నిపుణుడు, కండెన్సరును వేల వోల్టులకు నింపి ఆ ఆవేశాన్ని ఒక్కసారిగా ఛాతీగుండా పంపే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. చర్మం మీదుగా ఇచ్చేటప్పుడు 150 నుంచి 360 జౌళ్ళు కావాలి. శస్త్రచికిత్సలో ఛాతీ తెరచి గుండెకే పలకలు ఆనించినప్పుడు 10 నుంచి 20 జౌళ్ళు చాలు.

కాబట్టి ఆ 6 జౌళ్ళు ఒంటిమీదుగా పోయినంతనే మనిషి పోతాడని చెప్పను. ఎక్కువ మంది బ్రతికే ఉంటారు. కానీ అంత తేలికగానూ తీసుకోలేము. గుండె ప్రతి స్పందన తరువాత తేరుకునే వేళ ఒక క్షణికమైన బలహీన దశ ఉన్నది. ఆ దశలో తగిలే దెబ్బ లయను చెదరగొట్టగలదు. లౌన్ తన యంత్రంలో, దెబ్బ ఆ క్షణంలో పడకుండా గుండె లయతో సరిచూసి వదిలే ఏర్పాటు చేసినది అందుకే. కండెన్సరు అటువంటి పరీక్ష ఏదీ చేసుకోదు. ఇక అరవై దాటినవారికి అసలు ముప్పు ఆ ఉలికిపాటులోనే ఉన్నది. ఎత్తు పీటపైనుంచి పడితే తుంటి విరుగుతుంది. రక్తం పలుచబడే మందులు వేసుకునేవారి తలకు దెబ్బ తగిలితే ఆ కథ వేరు.

ఇక కరెంటులో ఉన్న రేడియో సంగతి. కండెన్సరు ఒక్కసారి కొట్టి ఊరుకుంటుంది. మెయిన్సు ఊరుకోదు. ఎండిన చర్మం వేల ఓముల నిరోధాన్ని చూపుతుంది కాని, చెమట పట్టిన చేతులతో అది వెయ్యి, రెండువేల ఓములకు దిగుతుంది. 230 వోల్టులను దానితో భాగిస్తే 100 మిల్లియాంపియర్లకు పైమాటే. మన ఇళ్ళలోని ఏ.సి. కరెంటు సుమారు 10 మిల్లియాంపియర్లు దాటితే పిడికిలి బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలలేము. ఛాతీగుండా 100 ప్రవహిస్తే జఠరికలు లయ తప్పుతాయి. కండరాలు అంత బలంగా బిగుసుకోవడం వలన భుజం కీలు వెనుకవైపుకు తప్పిన రోగులను నేను చూశాను. వెనుకకు తప్పిన భుజాన్ని చూడగానే మూర్ఛ వచ్చిందా, షాకు కొట్టిందా అని అడగడం మా చదువులో భాగం.

1970ల చివర నేనొక తాలూకా ఆసుపత్రిలో ఉండగా ఒక రేడియో మెకానిక్కును రిక్షాలో తెచ్చారు. ముప్ఫై ఏళ్ళుండవు. ఎడమ అరచేతిలో ఒక కాలిన మచ్చ, కుడిచేతి వ్రేళ్ళమీద మరొకటి. దుకాణంలో పని నేర్చుకునే కుర్రవాడు చెప్పినదాన్ని బట్టి, ఎడమచేత రేడియో ఛాసీ పట్టుకొని కుడిచేత్తో ఎర్తు తీగను సరిచేస్తున్నాడట. మేము అరగంటసేపు ఛాతీ నొక్కుతూనే ఉన్నాము. కాని దుకాణంలో పడిపోయిన క్షణంనుంచి మా బల్లమీదికి చేరేలోపు పావుగంట గడిచింది. ఆ పావుగంటలో ఎవరూ ఒక్కసారి కూడా నొక్కలేదు. ఎవరికీ తెలియదు. భార్య వచ్చి ఒకే మాట మళ్ళీ మళ్ళీ అన్నది: "స్విచ్చి కట్టేసే ఉందండీ."

ఆమె చెప్పినది నిజమే. అప్పటికి ఆ మాటకు అర్థం నాకు తెలియలేదు. రేడియోలు విప్పడం నేర్చుకున్నాక తెలిసింది. ఆ కాలంలో ఏ.సి./డి.సి. సెట్లు అనేవి ఉండేవి. కొన్ని పట్టణాలలో డి.సి. కరెంటు సరఫరా ఉన్న రోజులవి. ట్రాన్స్‌ఫార్మరు డి.సి.తో పనిచేయదు గనుక ఈ సెట్లలో అది ఉండదు. యు.ఎల్.41, యు.వై.41 వంటి యు-శ్రేణి వాల్వుల హీటర్లను దండలో పూలలాగా వరుసగా గుచ్చి తిన్నగా మెయిన్సుకు కలిపేవారు. మెయిన్సు తీగలలో ఒకటి ఛాసీకే అంటుకొని ఉంటుంది. రెండు కాళ్ళ ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా పడుతుంది; ఒకవైపు పెడితే ఛాసీకి న్యూట్రల్, ఇంకోవైపు పెడితే ఫేజు. స్విచ్చి ఒక తీగనే తెంపే రకమై, అది ఛాసీవైపు తీగ అయితే, ఆపేసినప్పటికీ రెండవ తీగలోని ఫేజు హీటర్ల దండగుండా ఛాసీకి చేరుతూనే ఉంటుంది. ఆ దండ నిరోధం వెయ్యి, రెండువేల ఓములే. ప్రాణం తీసే కరెంటుకు అది అడ్డం కాదు. మీ రేడియోలో బరువైన ట్రాన్స్‌ఫార్మరు కనబడకపోతే, వాల్వుల పేర్లు యు అక్షరంతో మొదలైతే, ప్లగ్గు పూర్తిగా పీకితే తప్ప లోపల వ్రేలు పెట్టకండి. పరీక్షించేటప్పుడు 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు మీదనే పెట్టండి. నాబ్‌లు బిగించే చిన్న మరల గుంటలలో మైనం నింపి ఉంటుంది. అది శుభ్రత కోసం తవ్వి తీసేయవలసిన మురికి కాదు. ఆ మరలకు వ్రేలు తగలకుండా పెట్టినది.

ఇంటికి ఆర్.సి.సి.బి. ఉన్నది కదా, భయమెందుకని కొందరంటారు. మంచి సాధనమే. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే 30 మిల్లియాంపియర్ల తేడాకే ఆపేస్తుంది. కాని ట్రాన్స్‌ఫార్మరు దాటిన తరువాతి వైపు, అంటే వాల్వులకు పోయే 250 వోల్టుల వైపు మీరు తగిలితే దాని దృష్టిలో తేడా ఏమీ ఉండదు. అది కదలదు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా అంతే. అందువల్ల పాత మెకానిక్కులు చెప్పే ఒక చేతి నియమాన్ని మించినది లేదు. కరెంటులో ఉన్న సెట్టును కొలవవలసి వస్తే ఎడమచేయి జేబులో ఉండాలి. ఒక చేతినుంచి మరొక చేతికి పోయే దారి మధ్యలో గుండె ఉన్నది. కాళ్ళకు రబ్బరు చెప్పులు వేసుకోండి. నాపరాళ్ళ నేలమీద వట్టికాళ్ళతో కూర్చోవద్దు. ఉంగరం, గడియారం తీసేయండి. ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నప్పుడే చేయండి. ఆ మనిషికి మెయిన్ స్విచ్చి ఎక్కడున్నదో చూపించండి.

నిలవను ఖాళీ చేయడానికి మెకానిక్కులు స్క్రూడ్రైవరుతో రెండు కొసలూ కలిపి ఫట్‌మనిపిస్తారు. వద్దు. మెరుపుతో కరిగిన లోహం కంట్లో పడుతుంది, కండెన్సరు లోపలి అతుకులు చెడుతాయి. 10 కిలో ఓముల, 10 వాట్ల వైరువౌండ్ రెసిస్టెన్సు ఒకటి తీసుకొని రెండువైపులా ఇన్సులేషను ఉన్న క్లిప్పులు అతికించుకోండి. ఒకటి ఛాసీకి, ఇంకొకటి కండెన్సరు ధన కొసకు. 100 మైక్రోఫారడ్లు దాని గుండా సెకనుకు మూడింట రెండు వంతుల చొప్పున తరుగుతాయి. పది సెకన్లు ఆగితే చాలు. ఆ తరువాత మీటరుతో చూడండి. ఇక్కడొక చిత్రం ఉన్నది: ఖాళీ చేసి క్లిప్పు తీశాక కొన్ని నిమిషాలకు ఎలెక్ట్రొలైటిక్ కండెన్సరులో కొన్ని వోల్టులు తమంతట తామే తిరిగి పుట్టుకొస్తాయి. పొరలలో ఇంకిపోయిన ఆవేశం అది. అందుకే నేను పని ముగిసేదాకా క్లిప్పు తీయను.

ఇక ఏ కండెన్సర్లు మార్చాలి అన్నది. చాలామంది రేడియో దొరకగానే పాడుతుందేమో చూద్దామని ప్లగ్గు పెట్టేస్తారు. నలభై ఏళ్ళు మంచానపడ్డ మనిషిని లేపి పరుగెత్తించడం వంటిదది. ఎలెక్ట్రొలైటిక్ కండెన్సరులో విద్యుత్తును ఆపే పొర, అల్యూమినియం రేకు మీద పెరిగిన సన్నని ఆక్సైడు. వోల్టేజి పడుతూ ఉంటేనే ఆ పొర నిలుస్తుంది. ఏళ్ళ తరబడి వాడకపోతే పలుచబడుతుంది, లోపలి ద్రవం ఎండుతుంది. ఒక్కసారిగా 300 వోల్టులు పడితే అది దాదాపు తీగలా మారి, ఈ.జెడ్.80 వంటి రెక్టిఫయరు వాల్వునూ దానితోపాటు ట్రాన్స్‌ఫార్మరునూ కాల్చేస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు పోతే రేడియో పోయినట్లే; మళ్ళీ చుట్టేవారు అరుదు. తక్కువ వోల్టేజి నుంచి మెల్లగా పెంచుతూ ఆ పొరను తిరిగి పెంచవచ్చునని కొందరంటారు. కొన్నిసార్లు సాధ్యమే. మన ఇంట్లో రోజూ పాడవలసిన సెట్టుకు నేను దాన్ని నమ్మను. 450 వోల్టుల కొత్తది వేస్తాను. ధన, ఋణ కొసలు తారుమారైతే అది పేలుతుంది. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి. పాతదానికన్నా పెద్దది వేస్తే గుంయ్‌మనే మోత ఇంకా తగ్గుతుంది కదా అని ఆశపడవద్దు. ఈ.జెడ్.80 మొదటి కండెన్సరుగా 50 మైక్రోఫారడ్లకు మించి భరించదు. మందు మోతాదు రెట్టింపు చేస్తే జబ్బు రెట్టింపు వేగంతో తగ్గుతుందనుకునే రోగులు నాకు కొత్త కాదు.

మోసం చేసేది మాత్రం మైనపు కాగితపు కండెన్సరు. రేకు, కాగితం, రేకు, కాగితం పేర్చి పూతరేకులా చుట్టి మైనంలో ముంచినది అది. కోస్తా ఊళ్ళ ఉప్పగాలికీ తేమకూ కాగితం చెమ్మ పట్టి లోలోపల కారడం మొదలుపెడుతుంది. చేతి మీటరుతో చూస్తే కెపాసిటీ సరిగానే చూపుతుంది. ఎందుకంటే మీటరు పరీక్షించేది కొద్ది వోల్టులతోనే. అది కారేది వంద వోల్టుల ఒత్తిడిలో. పడుకున్నప్పుడు ఇ.సి.జి. చక్కగా ఉండి, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తేగాని బయటపడని గుండె జబ్బు లాంటిదన్నమాట.

వీటన్నిటిలో ముఖ్యమైనది అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు ముందుండే 0.01 మైక్రోఫారడ్ కండెన్సరు. ముందు వాల్వులోని పాటను మాత్రం దాటించి, అక్కడి 100 వోల్టుల డి.సి.ని ఆపడం దాని పని. ఈ.ఎల్.84 వాల్వులో గ్రిడ్డు, కాథోడు కన్నా దాదాపు 7 వోల్టులు తక్కువలో ఉండాలి. అప్పుడు 48 మిల్లియాంపియర్లు పారుతాయి. కండెన్సరు 50 మెగాఓముల దాకా క్షీణించినదనుకోండి. గ్రిడ్డు వద్ద 1 మెగాఓము రెసిస్టెన్సు ఉన్నది గనుక 100 వోల్టులలో రెండు గ్రిడ్డుకు చేరుతాయి. 10 మెగాఓములకు దిగితే తొమ్మిది. ఇక ఆ వాల్వుకు పగ్గం ఉండదు. పది నిమిషాలు బాగా పాడి, వేడెక్కాక గొంతు బొంగురుపోయే రేడియోలలో నేను మొదట అనుమానించేది దీన్నే. పట్టించుకోకపోతే వాల్వులోని రేకు ఎర్రబడుతుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. అవుట్‌పుట్ వాల్వు తీసి, మిగిలినవి వేడెక్కాక, దాని గ్రిడ్డు కొస దగ్గర వోల్టులు కొలవండి. సున్నా ఉండాలి. అర వోల్టు ఉన్నా మార్చడమే. కొలత అయ్యాక, వాల్వు తీసి నడిపిన సెట్టు అని మరువకుండా నిలవ ఖాళీ చేయండి.

కాగితపు వాటికి బదులు 630 వోల్టుల పాలియెస్టరు ఫిల్ము కండెన్సర్లు వేయండి. ఒకటి తీసి ఒకటి పెట్టండి, అన్నీ ఒకేసారి పీకవద్దు. ముందుగా ఫోనుతో ఫొటోలు తీసుకోండి. మైకా, సిరామిక్ కండెన్సర్లు చాలావరకు ఇప్పటికీ దృఢంగానే ఉంటాయి, వాటిని ముట్టుకోకండి. స్టేషన్లు త్రిప్పే గ్యాంగ్ కండెన్సరుకు గాలే పొర. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. పైకి పాతగానే కనబడాలని మైనపు గొట్టాన్ని తొలిచి అందులో కొత్తది దాచే కళాకారులున్నారు. ప్రదర్శనశాలకైతే సరే. నేను ఒకసారి చేశాను. ఇంటినిండా కమిలిన మైనపు వాసన పట్టి వారం రోజులు మా ఆవిడ నాతో ముభావంగా ఉన్నది.

రెండు చోట్ల మాత్రం మామూలు ఫిల్ము కండెన్సరు పనికిరాదు. మెయిన్సు రెండు తీగల మధ్య ఉండేదానికి ఎక్స్2 రకం వేయాలి. మెయిన్సుకూ ఛాసీకీ మధ్య ఉండేదానికి, ఏ.సి./డి.సి. సెట్టులో ఏరియల్ తీగకు ముందుండేదానికి వై రకం వేయాలి. ఇవి చెడినప్పుడు షార్టు కాకుండా తెగిపోయేటట్లు తయారవుతాయి. డాబా మీదికి కట్టిన రాగి ఏరియల్‌కు, మెయిన్సు అంటుకున్న ఛాసీకి నడుమ అడ్డుగా ఉన్నది ఆ ఒక్క చిన్న ముక్కే. దాని ప్రక్కనే బట్టలారేసే తీగ ఉంటుందన్న సంగతి మీకు చెప్పనక్కరలేదు.

మార్చాక తొలిసారి 60 వాట్ల సీరీస్ ల్యాంపు గుండా కరెంటు ఇవ్వండి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే క్షేమం. వెలుగు తగ్గకపోతే ఎక్కడో షార్టు ఉన్నది. ఇది రేడియోను కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. వెనుక వోల్టేజి ఎంచే ఏర్పాటు ఉంటే అన్నిటికన్నా ఎక్కువ అంకె మీద పెట్టండి.

ఇంత చేసినా ఎవరైనా పడిపోతే: ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. పిలిస్తే పలకక, ఊపిరి సరిగా తీయకపోతే 108కి ఫోను చేయమని ఒకరికి చెప్పి, ఛాతీ నడుమ రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా నొక్కుతూనే ఉండాలి. ఈ పద్ధతిని 1960లో లోకానికి తెలిపిన ముగ్గురిలో కౌవెన్‌హోవెన్ అనే ఆయన వైద్యుడు కాదు, ఎలెక్ట్రికల్ ఇంజనీరు. కరెంటు తీగలపై పనిచేసేవారు షాకుతో చనిపోతుంటే, విద్యుత్ సంస్థల ప్రోత్సాహంతో జాన్స్ హాప్‌కిన్స్‌లో మొదలైన పరిశోధన అది. షాకు తగిలి, స్పృహ తప్పకుండా తేరుకున్నవారు కూడా ఒక ఇ.సి.జి. తీయించుకోవడం మంచిది, ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నవారు. పేస్‌మేకరు ఉన్నవారు ట్రాన్స్‌ఫార్మరు ఉండే సోల్డరింగ్ గన్నును ఛాతీకి అడుగు దూరంలోపలికి రానీయకండి.

టంకం గురించి ఒక మాట. సీసపు ఆవిరికి భయపడుతుంటారు. సోల్డరింగ్ వేడికి సీసం చెప్పుకోదగినంత ఆవిరి కాదు. పైకి లేచే పొగ రోజనానిది. అది ఆస్తమా తెస్తుంది, ఉన్నదాన్ని రేపుతుంది. కిటికీ తెరచి, పొగను ప్రక్కకు లాగే చిన్న ఫ్యాను పెట్టుకోండి. సీసం చేతులనుంచి నోటికి చేరుతుంది. పని బల్లమీద కాఫీ వద్దు, లేవగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. టంకం ముక్కలు రాలిన చోట ప్రాకే వయసు పిల్లలను తిరగనీయకండి. వారి మెదడుకు సీసం చేసే హాని పెద్దలకన్నా ఎక్కువ.

తీసేసిన కండెన్సర్లను చెత్తతో కలిపి తగలబెట్టవద్దు. ఆ కాలపు కొన్ని కండెన్సర్లలో మైనానికి బదులు క్లోరినేటెడ్ నాఫ్తలీన్లు వాడారు. పాత ట్యూబులైటు చోకులకూ మోటార్లకూ ఉండే నూనె కండెన్సర్లలో పి.సి.బి.లు ఉండేవి. మొదటివి చర్మంపై మొండి మొటిమలు తెప్పిస్తాయి. పి.సి.బి.లు కేన్సరు కారకాలని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ వర్గీకరించింది. జిగురు కారుతున్నదాన్ని చేతితొడుగుతో తీసి, మూత గట్టిగా ఉన్న సీసాలో వేసి, పాత ఎలెక్ట్రానిక్ సామాను సేకరించేవారికి ఇవ్వండి. నా దగ్గర అటువంటి హార్లిక్సు సీసా ఒకటి నిండింది, రెండవది సగమయింది.